బియ్యం డబ్బాలో సెల్లు

మా మేనత్తకు డెబ్బయి రెండేళ్లు. కనకాలపేటలో ఒంటరిగా వుంటున్నది. మా బావ, అనగా ఆవిడ కుమారుడు, చాలాకాలం కిందటే ఫ్రాన్సు వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. మన యానాములో ఇటువంటి ఇళ్లు కొత్తగాదు. కొడుకు అక్కడ, తల్లి ఇక్కడ, నడుమ ఒక సెల్లు. ఆదివారం సాయంత్రం అయేసరికి మనమడు ఆ సెల్లులో కనబడి, సగం తెలుగూ సగం ఫ్రెంచీ కలిపి "నానమ్మా" అంటూ కబుర్లు చెబుతాడు. వారమంతా ఆవిడ ఆ ముప్పావుగంట కోసమే ఎదురుచూస్తుందంటే అతిశయోక్తి కాదు.

అటువంటిది వరుసగా మూడు ఆదివారాలు ఆ సెల్లు పలకలేదు. బావ నాకు ఫోను చేశాడు. "అమ్మ వంట్లో ఎలా వుందోయ్? పక్కింటివాళ్లను అడిగితే బాగానే వుందంటున్నారు. నాతో మాత్రం మాట్లాడదు. కోపమేమైనా వచ్చిందేమో, ఒకసారి వెళ్లి చూసిరా."

ఆఫీసు కాగానే సైకిలు మీద వెళ్లాను. అత్తయ్య నిక్షేపంలా వున్నది. చేటలో మినప్పప్పు ఏరుతున్నది. కాఫీ ఇచ్చింది. సెల్లు మాట ఎత్తితే మాత్రం, "పాడైపోయిందిరా అబ్బాయ్" అని ముఖం తిప్పుకుంది. ఎక్కడుందంటే చెప్పదు. పది నిమిషాలు బతిమాలిన మీదట లేచి వెళ్లి, బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, పాత పంచె ముక్కలో చుట్టిన సెల్లు పైకి తీసింది. మీట నొక్కి వెలిగించాను. నిమిషం గడవలేదు, పైనుంచి ఒకదాని వెనుక ఒకటి చీటీలు రాలడం మొదలైంది. మీ ఫోనులో అయిదు వైరసులు వున్నాయని ఒకటి. మీకు లక్ష రూపాయల బహుమతి అని ఒకటి. క్రికెట్టు పందెం కాయమని రెండు. ఆ తరువాత వచ్చినది మాత్రం ఈ పత్రికలో వ్రాయదగిన బొమ్మ కాదు.

అత్తయ్య గోడవైపు తిరిగి నిలబడింది. "పిల్లాడు మాట్లాడుతూ వుండగా ఇది పడిందిరా. వాడు చూశాడేమో! ముసలిది ఇలాంటివి చూస్తోందనుకోరూ? మీ మామయ్య వుంటే ఈ వయసులో నాకీ అప్రతిష్ఠ వచ్చేదా?" అన్నది.

సంగతి ఇదీ. ఆవిడ కోపంతోనో, జబ్బుతోనో కాదు, సిగ్గుతో మనమడికి దూరమైంది. చదువరులు ఇళ్లకు వెళ్లి తమ పెద్దవాళ్ల సెల్లులను ఒకసారి పరికించవలసిందిగా మనవి. చెప్పుకోలేక దాచుకున్నవారు మా అత్తయ్య ఒక్కతే అని నేననుకోను.

మొట్టమొదట ఆవిడ బెంగ తీర్చాను. సెల్లు పైభాగాన రాలే చీటీ ఆ సెల్లు పట్టుకున్నవారికే కనబడుతుంది. అవతల ఫ్రాన్సులో వున్నవాడికి ఆవిడ ముఖమే కనబడుతుంది గాని, ఆవిడ తెర కాదు. ఈ ముక్క నాలుగుసార్లు చెబితే నమ్మింది. నమ్మాక కూర్చుంది.

ఇంతకూ ఈ చీటీలు ఎక్కడివి? సెల్లు పాడవలేదు. వైరసూ లేదు. జరిగినదేమంటే, ఎదురింటి కుర్రవాడు ఆవిడకు ఒక పాత సినిమా ఉచితంగా చూపిస్తానని ఏదో పేజీ తెరిచి ఇచ్చాడు. సినిమా మొదలయ్యే ముందు ఒక బొమ్మ, దానికింద "మీరు మరమనిషి కాదని రుజువు చేయుటకు అనుమతించు నొక్కండి" అని. ఆవిడ నొక్కింది. "మర్యాదగా అనుమతి అడిగితే కాదంటామట్రా?" అని నన్నే ఎదురు అడిగింది. అదే కిటుకు. మరమనిషి కాదని రుజువు చేయడానికి ఆ మీటతో ఏ సంబంధమూ లేదు. ఆ మీట క్రోము అనే బ్రౌజరుది. "ఈ పేజీవారు ఇక మీదట మీకు ఎప్పుడు కావలిస్తే అప్పుడు చీటీలు పంపవచ్చునా?" అన్నదే దాని అసలు ప్రశ్న. పేజీవాడు పక్కన వేరే బొమ్మ వేసి, ఆ ప్రశ్నకు వేరే అర్థం చెప్పాడు.

మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇది గేటు పాసు. ఒక బేరగాడు వాకిట్లో నిలబడి అరిస్తే తలుపు మూసుకుంటాము, వాడు పోతాడు. అదే వాడికి తారీఖు వేయని పాసు ఒకటి సంతకంపెట్టి ఇస్తే, రోజూ వచ్చి నేరుగా మన బల్ల దగ్గర నిలబడతాడు. ప్రతిసారీ మెడపట్టి గెంటవచ్చు, మరునాడు మళ్లీ వస్తాడు. అత్తయ్య రోజూ వేలితో చీటీలు పక్కకు తోస్తూ వచ్చినది ఆ గెంటడమే. చేయవలసినది పాసు చింపడం. పేజీ మూసివేసినా, బ్రౌజరు మూసివేసినా పాసు చెల్లుతూనే వుంటుంది; అందుకే సెల్లు ఊరికే బల్ల మీద పడివున్నప్పుడు కూడా చీటీ రాలుతుంది.

చింపడం ఎలాగంటారా? ఆండ్రాయిడు సెల్లు అయితే, చీటీ వచ్చినప్పుడు దాన్ని తెరవవద్దు. పైనుంచి కిందికి లాగి, ఆ చీటీనే కొద్దిగా విప్పి చూడండి. క్రోము పేరూ, పంపిన పేజీ పేరూ వుంటాయి. కింద "సైట్ సెట్టింగ్‌లు" అనే మీట గాని, 2024 తరువాతి మార్పులు అందుకున్న సెల్లులయితే "అన్‌సబ్‌స్క్రయిబ్" అనే మీట గాని వుంటుంది. అన్‌సబ్‌స్క్రయిబ్ నొక్కితే ఆ ఒక్క పేజీ పాసు రద్దు; సైట్ సెట్టింగ్‌లు నొక్కితే, తెరుచుకున్న చోట ఆ పేజీ నోటిఫికేషన్లను ఆపివేయాలి. అన్నీ ఒక్కసారే చూడాలంటే క్రోము తెరిచి, పై మూలన వున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగులు, అందులో సైట్ సెట్టింగులు, అందులో నోటిఫికేషన్లు. అక్కడ పాసులు పొందినవాళ్ల జాబితా వరుసగా వుంటుంది. అత్తయ్య సెల్లులో పదకొండు పేర్లు లెక్కపెట్టాము. ఒక్కటీ ఆవిడకు తెలిసిన పేరు కాదు. అసలు మనిషి పెట్టిన పేర్లలాగానే లేవు, అక్షరాలు దోసిటితో చల్లినట్లున్నాయి. ఒక్కొక్కదాన్ని నొక్కి "బ్లాక్" చేశాము. ఊరికే జాబితాలోనుంచి తీసివేయడం కన్న బ్లాకు చేయడం మేలు. తీసివేస్తే ఆ పేజీ మళ్లీ తగిలినప్పుడు మళ్లీ అడుగుతుంది. బ్లాకు చేస్తే అడగను కూడా అడగదు.

అదే చోట అన్నిటికన్న పైన మొత్తానికి ఒక మీట వున్నది. దాన్ని ఆపివేస్తే ఇకమీదట కొత్త పేజీ ఏదీ చీటీలకు అనుమతి అడగలేదు. పెద్దవాళ్ల సెల్లులలో నేను నిస్సంకోచంగా అది ఆపివేస్తాను. దానివల్ల వాట్సాప్ పిలుపులు ఆగిపోతాయేమో, పింఛను పడ్డ కబురు రాదేమో అని అత్తయ్య భయపడింది. ఏమీ ఆగవు. వాట్సాప్ వేరే, బ్యాంకువారి సందేశాలు వేరే. వాటి దారి ఇది కాదు.

బల్ల మీది కంప్యూటరులోనూ దాదాపు ఇదే దారి. క్రోములో సెట్టింగులలో "ప్రైవసీ అండ్ సెక్యూరిటీ" అనే గది దాటి సైట్ సెట్టింగులకు వెళ్లాలి. ఫైర్‌ఫాక్సులో అదే పేరుగల గదిలో కిందికి వెళితే "పర్మిషన్స్" అని వున్నది. అందులో నోటిఫికేషన్లకు ఎదురుగా వున్న సెట్టింగులు తెరిస్తే, కొత్తగా ఎవరూ అడగనేకూడదు అనే గడి ఒకటి వుంటుంది. అక్కడ టిక్కు పెట్టడం మరువకండి. ఐఫోనువారికి ఈ బాధ తక్కువ. వారికి వచ్చే తంటా వేరు: క్యాలెండరులో తమకు తెలియని "వైరసు" గుర్తింపులు రోజూ గంట కొడుతూ వుంటాయి. ఏదో పేజీలో పొరపాటున ఒక క్యాలెండరుకు చందాదారులయ్యారన్నమాట. క్యాలెండరు తెరిచి, అడుగున "క్యాలెండర్స్" నొక్కి, ఆ అపరిచితుని పేరు పక్కన వున్న గుర్తు నొక్కి, దాన్ని తొలగిస్తే సరి.

అత్తయ్య నా దగ్గరకు రాకముందు ఒక మరమ్మతు కొట్టుకు వెళ్లిందట. ఆ కొట్టు పేరు అనవసరం. అతను సెల్లు తిప్పి చూసి, "మొత్తం తుడిచి కొత్తదానిలా చేయాలమ్మా, ఆరువందలు" అన్నాడట. తుడిస్తే చీటీలు నిజంగానే పోయేవి. వాటితోపాటు మనమడి బొమ్మలూ పోయేవి. పోయిన మామయ్య, ఆసుపత్రినుంచి పంపిన గొంతు సందేశాలు కూడా పోయేవి. వాటికి ఆ సెల్లులో తప్ప వేరే నకలు లేదు. ఆవిడ సెల్లు బియ్యంలో దాచడానికి ఆ భయం కూడా ఒక కారణమే. ఎవరైనా తీసుకుపోయి తుడిచివేస్తారని! కొట్టువాడిని నేను దుర్మార్గుడనను. తుడవడం పది నిమిషాల పని, వెదకడం అరగంట పని. అతని తొందర అతనిది. కాని మనం మాత్రం తుడిపించేముందు బొమ్మలూ మాటలూ వేరేచోట దాచుకోవాలి. తుడవడం చివరి మందే గాని మొదటి మందు కాదు.

ఈ ఎగిరిపడే ప్రకటనల పుట్టుక ఒక విచిత్రమైన కథ. 1990ల చివర అమెరికాలో ట్రైపాడ్ అనే కంపెనీలో ఈథన్ జుకర్మన్ అనే ఆయన పనిచేసేవాడు. జనం ఎవరికి వారు ఉచితంగా పేజీలు పెట్టుకునే చోటు అది. ఒక పెద్ద మోటారుకార్ల కంపెనీ ప్రకటన ఒక బూతు పేజీ మీద పడింది. ఆ కంపెనీ ఉడికిపోయింది. పేజీకీ ప్రకటనకూ సంబంధం కనబడకుండా వుండాలంటే ప్రకటనను వేరే కిటికీలో తెరవాలని ఆయన ఆ ఉపాయం వ్రాశాడు. తరువాత దేశదేశాలవాళ్లు దాన్ని ఎలా వాడారో మనకు తెలుసు. 2014లో ఆయన ఒక అమెరికా పత్రికలో వ్యాసం వ్రాసి, తన ఉద్దేశం మంచిదేనంటూనే, క్షమించమని అడిగాడు. బూతు నుంచి గౌరవస్థులను తప్పించడానికి పుట్టినది ఈనాడు మా అత్తయ్య వంటింట్లోకి బూతు మోసుకొచ్చింది.

ఆ ఎగిరే కిటికీలను బ్రౌజరులవాళ్లు 2000 తరువాత క్రమంగా అడ్డగించారు. 2004లో విండోసు ఎక్స్‌పీకి వచ్చిన మార్పుతో సామాన్యులకు కూడా కొంత ఊపిరాడింది. అయితే 2015లో క్రోములో ఈ చీటీల సదుపాయం వచ్చింది. దాని ఉద్దేశమూ మంచిదే: వార్తలు, ఉత్తరాలు వచ్చినట్టు తెలియజేయడం. బేరగాళ్లు వెంటనే ఆ దారి పట్టారు. ఈ పద్ధతి మీద అంతటా విసుగు పుట్టి, 2020లో ఫైర్‌ఫాక్సువారూ, క్రోమువారూ అడిగే పెట్టెను కొంత అణచి, మూల చిన్న గుర్తుగా చేశారు. 2025 అక్టోబరులో గూగుల్‌వారు, మనం చాలాకాలంగా వెళ్లని పేజీల పాసులను క్రోమే స్వయంగా రద్దు చేస్తుందని ప్రకటించారు. ఆ సందర్భంలో వారు చెప్పిన లెక్క ఒకటి నాకు గుర్తుండిపోయింది: వచ్చే చీటీలలో నూటికి ఒకటి కూడా ఎవరూ ముట్టుకోవడం లేదట! మరి ఎందుకు పంపుతారయ్యా అంటే, పంపడానికి ఖర్చు లేదు గనుక. కోటిమందికి పంపితే వెయ్యిమంది నొక్కినా బేరమే.

మన తెలుగువాళ్ల మధ్య ఈ రోగానికి పెద్ద ఊట ఉచిత సినిమా పేజీలే. ఐబొమ్మ పేరు వినని ఇల్లు లేదు. 2025 నవంబరులో హైదరాబాదు సైబరు పోలీసులు దాన్ని నడుపుతున్నాడని ఒకరిని అరెస్టు చేసి, ఆ పేజీని మూయించారు. సినిమా ఎరగా వేసి పందేల యాపులవైపు జనాన్ని మళ్లించారని పోలీసులు ఆనాడు చెప్పారు. కేసు తేల్చవలసినది న్యాయస్థానం. కాని ఆ పేజీ పోగానే జనం చేసినదేమిటి? అదే పేరును పోలిన మరొక పేజీ కోసం వెదికారు. మా ఆఫీసులోనే నలుగురు వెదకడం నేను చూశాను. టిక్కెట్టు ధర ఎక్కువే, కాదనను. ఉచితమనుకున్న సినిమా ఖరీదు ఇంటిలోని ముసలివాళ్లు చెల్లిస్తున్నారన్నదే నా ఫిర్యాదు.

ఫ్రెంచివారి కాలంలో మన మంగళవారం సంతకు చుట్టుపక్కల బ్రిటిషు ఊళ్లనుంచి జనం పరదేశపు సరుకు చవకగా దొరుకుతుందని వచ్చేవారని పెద్దలు చెబుతారు. సంతలో బేరగాడు ఎంత గట్టిగా అరిచినా, సంత విడిచిపెట్టి మనం ఇల్లు చేరితే వాడి అరుపు వినబడదు. ఇప్పుడు సంత మన వెంట ఇంటికి వచ్చింది. అదీ మనం పిలిచినందునే.

అన్ని చీటీలూ పాసులవల్లనే వస్తాయని కూడా చెప్పలేను. కొన్ని సెల్లులలో బ్రౌజరు జాబితా ఖాళీగా వున్నా తెర నిండా ప్రకటన దిగుతుంది. అక్కడ దొంగ పేజీ కాదు, యాపు. 2019 జూలైలో చెక్ పాయింట్ అనే సంస్థవారు "ఏజెంట్ స్మిత్" అని తాము పేరుపెట్టిన ఒక తెగులును బయటపెట్టారు. రెండున్నర కోట్ల సెల్లులకు సోకితే, అందులో కోటిన్నర మన దేశంలోనివే! గూగుల్‌వారి దుకాణం కాని 9యాప్స్ అనే వేరొక దుకాణంనుంచి అది ఎక్కువగా వ్యాపించింది. సెల్లులో వున్న మంచి యాపులను గుట్టుగా మార్చివేసి, వాటి ముఖాన ప్రకటనలు చూపించేది. ఇలాంటి అనుమానం వస్తే, ప్రకటన తెరమీద వుండగానే, ఇటీవల తెరిచినవాటిని చూపే మీట నొక్కండి. ఆ ప్రకటన ఏ యాపు గుర్తు కింద వున్నదో చాలాసార్లు అక్కడ దొరికిపోతుంది. లేదా ఈ తంటా మొదలైన వారంలో ఏమి దించుకున్నారో జ్ఞాపకం తెచ్చుకోండి. టార్చిలైటనీ, సెల్లు శుభ్రం చేసేదనీ, జాతకమనీ వచ్చినవాటిని ముందు అనుమానించాలి. టార్చి ప్రతి సెల్లులోనూ పుట్టుకతోనే వున్నది గదా!

ఇంత చెప్పే నేను బుద్ధిమంతుణ్ణి అనుకోకండి. మా ఆఫీసులో పాత తెలుగు ఫాంటులో వున్న సర్క్యులరు ఒకటి యూనికోడులోకి మార్చవలసివచ్చి, ఉచితంగా మార్చిపెడతానన్న ఒక చిన్న సరంజామా దించాను. సర్క్యులరు మారలేదు. కంప్యూటరు మారింది. ఏది వెదికినా ఎవరిదో ముక్కూమొహం తెలియని పేజీ తెరుచుకునేది. పక్కన బట్టతలకు మందు. సూపరింటెండెంటుగారికి బట్టతల. ఆయన నన్ను ఒక మాటా అనలేదు, చూసిన చూపు మాత్రం నేటికీ జ్ఞాపకముంది. క్రోములో "ఎక్స్‌టెన్షన్స్" అనే గదిలో, నేను పెట్టని పేరు ఒకటి కూర్చుని వున్నది. దాన్ని తీసివేసి, విండోసులోని యాపుల జాబితాను తేదీవారీగా పేర్చి, అదే రోజున చేరిన మరో రెంటిని తొలగించి, విండోసుతో వచ్చే డిఫెండరుచేత ఒకసారి పూర్తిగా వెదికించాక శాంతించింది. ఒక్క పైసా ఖర్చు కాలేదు.

అన్నిటిలోకీ ప్రమాదమైనది "వైరసు వచ్చింది" అనే చీటీ. బూతు బొమ్మ సిగ్గుపడేలా చేస్తుంది. ఇది భయపెడుతుంది, భయపడినవాడు డబ్బిస్తాడు. మా వీధిలో ఒక రిటైరు మేష్టారుకు కంప్యూటరు నిండా ఎర్రగా హెచ్చరికా, చెవులు చిల్లులుపడే మోతా, కింద ఫోను నంబరూ వచ్చాయి. ఆయన ఆ నంబరుకు ఫోను చేశారు. అవతలి మనిషి చక్కని ఇంగ్లీషులో, దూరంనుంచి కంప్యూటరు చూసే యాపు ఒకటి పెట్టించి, బాగుచేయడానికని బ్యాంకు పేజీ తెరిపించాడు. పద్దెనిమిది వేలు పోయాయి. మేష్టారు నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ నాలుగు రోజులే దొంగకు కావలసినవి. ఇటువంటిది జరిగితే ఆ గంటలోనే 1930 నంబరుకు ఫోను చేసి చెప్పాలి, లేక సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వపు పేజీలో ఫిర్యాదు వ్రాయాలి. బ్యాంకుకు కూడా వెంటనే తెలపాలి. ఎంత ముందు చెబితే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఏ పేజీకీ మీ సెల్లు లోపల వైరసు వున్నదో లేదో చూసే శక్తి లేదు. ఫోను నంబరు ఇచ్చి తమకు ఫోను చేయమనే హెచ్చరిక మైక్రోసాఫ్టువారి పేరుతో వచ్చినా, ఇంకెవరి పేరుతో వచ్చినా, అది అబద్ధమే. తెర మూసుకోకపోతే కంప్యూటరు ఆపివేసి మళ్లీ వెలిగించండి. బ్రౌజరు పాత పేజీ తెరవమంటావా అంటే వద్దనండి.

అత్తయ్య సెల్లు పని అయ్యేసరికి రాత్రి ఎనిమిదిన్నర. ఆవిడ పెసరట్టు వేసిపెట్టింది. గంటసేపు సెల్లును బల్ల మీద పెట్టుకుని ఇద్దరమూ దానివంకే చూస్తూ కూర్చున్నాము. ఒక్క చీటీ రాలలేదు. మామయ్య గొంతు సందేశాలను మా బావకూ నాకూ చెరొక నకలు పంపించాను. అందులో ఒకటి ఆవిడ వినిపించింది. కరెంటు బిల్లు కట్టమని ఆయన ఆసుపత్రి మంచం మీదనుంచి చెప్పినది, అంతే.

ఆదివారం ఆరుగంటలకు మనమడు కనబడ్డాడట. మంగళవారంనాడు అత్తయ్య నాకు ఫోను చేసింది. "ఏదో వంటల పేజీ అనుమతించమని అడిగిందిరా, నేను వద్దని నొక్కేశాను. గోంగూర పచ్చడి మాత్రం చూపించింది. పరవాలేదా?" అని. పరవాలేదన్నాను.